మణికట్టు విరిగితే ఏ కట్టు మేలు? పిండికట్టు, ఫైబర్, రెడీమేడ్ స్ప్లింట్, పుత్తూరు కట్టు: సమీక్ష

తడి బాత్రూంలో కాలు జారినా, బండి మీంచి పడినా మనిషి అసంకల్పితంగా అరచెయ్యి నేలకు ఆనిస్తాడు. ఒంటి బరువంతా ఆ చేతి మీద పడి, మణికట్టుకు సుమారు అంగుళం పైన, ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే రేడియస్ ఎముక విరుగుతుంది. ఆస్పత్రికి వెళ్లగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: “ఫైబర్ కట్టు వేయించాలా, మామూలు పిండికట్టు చాలా?” మెడికల్ షాపులో వెల్‌క్రో పట్టీ కొనుక్కుని ఊరుకునేవాళ్లూ ఉన్నారు, నేరుగా పుత్తూరు కట్టుకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. విరిగిన ఎముకను పట్టి ఉంచేది కట్టు వేసిన సరుకు కాదు, ఆ కట్టుకు చేత్తో ఇచ్చిన అచ్చు. ఆ అచ్చు పనిచేస్తోందో లేదో చెప్పేది వారం వారం తీసే ఎక్స్‌రే. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ఫైబర్ మానేయండి కానీ ఆ ఎక్స్‌రేలు మానకండి.

విరిగిందా, బెణికిందా

“వేళ్లు ఆడుతున్నాయి కదా, విరిగి ఉండదులే” అనే మాట చాలా చేతులను పాడుచేసింది. వేళ్లను ఆడించే కండరాలు చాలావరకు ముంజేతిలో పైన ఉంటాయి, వాటి తాళ్లు మణికట్టు మీదుగా వేళ్లకు వెళ్తాయి. కింద ఎముక విరిగినా తాళ్లు తెగనంత వరకు వేళ్లు ఆడుతూనే ఉంటాయి.

నమ్మదగిన గుర్తులు వేరే ఉన్నాయి. చేతిని పక్క నుంచి చూస్తే మణికట్టు వెనకవైపు మిట్టగా లేచి, దాని పైన పల్లంగా కనిపిస్తే విరిగిన ముక్క వెనక్కి జరిగినట్టే. 1814లో, అంటే ఎక్స్‌రే పుట్టడానికి 80 ఏళ్ల ముందు, డబ్లిన్ సర్జన్ అబ్రహాం కోలిస్ ఈ విరుపును కంటితో చూసి, చేత్తో తడిమి వర్ణించాడు. ఆకారం మారకపోయినా విరిగి ఉండొచ్చు. బొటనవేలి వైపు ఎముక అంచు మీద ఒక వేలితో నొక్కితే ఒకేచోట పోటు పుట్టడం, నీళ్ల గ్లాసు కూడా ఎత్తలేకపోవడం, గంటల్లో వాపు పెరగడం, మర్నాటికి అరచేతి వైపు నీలంగా కమలడం, వీటిలో ఏది ఉన్నా ఎక్స్‌రే తీయించాల్సిందే.

ఇంకో పరీక్ష ప్రత్యేకంగా చెప్పాలి. బొటనవేలిని బాగా పైకెత్తండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన, రెండు తాళ్ల మధ్య చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో నొక్కి, రెండో చేతిలోనూ అదే చోట అంతే బలంగా నొక్కి పోల్చండి. దెబ్బ తగిలిన చేతిలోనే గట్టిగా నొప్పి వస్తే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగిందని అనుమానించాలి. పాతికేళ్ల లోపు కుర్రాళ్లలో, ఆటల్లో పడినవాళ్లలో ఇది తరచు కనిపిస్తుంది. చిక్కేమిటంటే మొదటి రోజు ఎక్స్‌రేలో ఈ విరుపు కనపడకపోవచ్చు. “ఎక్స్‌రే బాగుంది, బెణుకే” అన్నా గుంటలో నొప్పి ఉంటే చేతిని కదలకుండా ఉంచి 10 నుంచి 14 రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయించాలి, వీలుంటే ఎమ్మారై చేయించాలి. ఈ ఎముకకు రక్తం ప్రధానంగా వేళ్ల వైపు కొన నుంచి లోపలికి వస్తుంది. మధ్యలో విరిగితే మోచేతి వైపు ముక్కకు రక్తం అందదు, అతుకు పడడం ఆలస్యమవుతుంది, కొందరిలో అసలు పడదు. వదిలేస్తే కొన్నేళ్లకు మణికట్టు కీలు అరిగిపోతుంది.

మొదటి గంటలో

ముందు ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. “తర్వాత తీద్దాంలే” అంటే రెండు గంటల్లో వేలు వాచి ఉంగరం బిగుసుకుపోతుంది. సబ్బునీళ్లు రాసి తిప్పుతూ లాగండి. అప్పటికీ రాకపోతే ఆస్పత్రిలో కట్టర్‌తో కోయించుకోవడమే, బంగారం పోతుందని ఆగకూడదు. రోజువారీ దినపత్రికను నాలుగైదు మడతలు వేసి, అరచేతి నుంచి మోచేతి దాకా ముంజేతి కింద పెట్టి, పైన చున్నీతోనో తువ్వాలుతోనో వదులుగా చుట్టండి. వేళ్లు మోచేతి కంటే ఎత్తులో ఉండేలా మెడకు వేలాడదీయండి. ఐస్‌ను గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టొచ్చు.

నూనె పెట్టి మర్దన చేయకండి. లాగి సరిచేసే ప్రయత్నమూ వద్దు. జరిగిన ఎముకను మళ్లీ తన చోట కూర్చోబెట్టడానికి మత్తు అవసరపడొచ్చు కాబట్టి డాక్టరు చూసేదాకా కడుపు నిండా తినిపించకండి.

కొన్నిటికి గంటలు కూడా ఆగకూడదు. విరిగినచోట చర్మం తెగి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే వెళ్లండి, యాంటీబయాటిక్, టీటీ ఇంజెక్షన్ ఆలస్యం కాకూడదు. వేళ్లు పాలిపోయి చల్లబడినా, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి అది పెరుగుతున్నా అంతే.

ఎక్స్‌రేలో అడగాల్సినవి

ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, కనీసం రెండు కోణాలు కావాలి. స్కాఫాయిడ్ మీద అనుమానం ఉంటే చేతిని చిటికెనవేలి వైపు వంచి తీసే కోణాన్ని విడిగా అడగాలి. మామూలు మణికట్టులో రేడియస్ కీలు తలం అరచేతి వైపు దాదాపు 11 డిగ్రీలు వాలి ఉంటుంది. విరిగాక అది వెనక్కి 10 డిగ్రీల కంటే ఎక్కువ వాలినా, ఎముక 3 మిల్లీమీటర్లకు మించి కురచైనా, కీలు తలంలో 2 మిల్లీమీటర్లకు మించి మెట్టు పడినా కట్టు ఒక్కటే చాలదేమో, ఆపరేషన్ అవసరమేమో డాక్టరు ఆలోచిస్తారు. ఇవి కూర్చోబెట్టాక తీసిన ఎక్స్‌రేలో చూసే కొలతలు. వయసు పైబడి, చేతి పనులు తక్కువగా ఉన్నవారికి కొంత వంకర మిగిలినా పని బాగానే సాగుతుంది, కాబట్టి ఒక్క అంకె చూసి ప్లేటు వేసే ఆపరేషన్‌కు తొందరపడక్కర్లేదు.

పిండికట్టు

మొదటి వారానికి మా ఓటు దీనికే. అదీ చుట్టూ మూసేసే పూర్తి కట్టు కాదు, ఒక వైపు తెరిచి ఉండే స్లాబు. వాపు పెరిగేది మొదటి రెండు మూడు రోజుల్లోనే, ఆ వాపుకు స్లాబులో చోటు ఉంటుంది. అర్ధరాత్రి వేళ్లు నల్లబడితే ఇంట్లో కత్తెరతో పై బ్యాండేజీ కోసేయొచ్చు. ఫైబర్ కట్టుతో ఆ వీలు లేదు.

ముంజేతికి 4 అంగుళాల రోల్, లావుపాటి చేతికి 6 అంగుళాల రోల్ సరిపోతుంది. 8 నుంచి 10 పొరలు మడవాలి. కింద దూది పొర రెండు మూడు చుట్లు, చిటికెనవేలి వైపు పొడుచుకొచ్చే ఎముక మీద ఇంకో ముక్క. గది వేడిమి ఉన్న నీళ్లలో ముంచి, బుడగలు ఆగాక తీసి, మెత్తగా పిండి పరచాలి. త్వరగా గట్టిపడాలని వేడినీళ్లు వాడడం పెద్ద తప్పు. రోల్‌లో ఉండే కాల్షియం సల్ఫేట్ పొడి నీళ్లు పీల్చుకున్నప్పుడే వేడి పుడుతుంది. నీళ్లు వేడిగా ఉండి, పొరలు ఎక్కువై, పైగా తడి కట్టును దిండు మీద పెడితే ఆ వేడి బయటికి పోక చర్మం కాలుతుంది. పాత రోల్స్‌తో ఇంకో బెడద ఉంది: వానాకాలంలో, సముద్రం పక్క ఊళ్లలో కవరు చిరిగిన రోల్ గాలిలో తేమ పీల్చేసుకుంటుంది, ఆ తర్వాత ఎంత ముంచినా బిగవదు, మర్నాటికి అంచులు పొడి పొడిగా రాలతాయి. అలా రాలుతుంటే ఊరుకోకండి, మార్పించండి.

అసలు పనితనం ఆ తర్వాత రెండు మూడు నిమిషాల్లో ఉంది. వెనక్కి జరిగిన విరుపైతే మూడు చోట్ల ఒత్తిడి ఇవ్వాలి: విరుపు దాటి చేతి వెనకవైపు ఒకటి, విరుపుకు కాస్త పైన అరచేతి వైపు ఒకటి, ముంజేతి పై భాగంలో మళ్లీ వెనకవైపు ఒకటి. వేలికొనలతో పొడిస్తే గుంటలు పడి లోపల పుండ్లు అవుతాయి, కాబట్టి అరచేతి మెత్తటి భాగంతో, బిగిసేదాకా కదపకుండా పట్టుకోవాలి. ఇలా వేసిన కట్టు గుండ్రటి గొట్టంలా ఉండదు. కాస్త చదునుగా, కాస్త వంపుగా ఉంటుంది. చూడ్డానికి వంకరగా ఉన్న కట్టే లోపల ఎముకను తిన్నగా ఉంచుతుంది. అలాగని మణికట్టును బాగా కిందికి మడిచి కట్టడం వేరు. ఆ పాత పద్ధతిలో నరం నలిగి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, వేళ్లు బిగుసుకుపోతాయి.

మీ కట్టు సరిగా ఉందో లేదో ఇంటికి బయల్దేరే ముందే మీరే చూసుకోవచ్చు. అరచేతిలో వేళ్ల మొదళ్లకు దగ్గరగా ఉండే అడ్డగీత బయటికి కనపడాలి. నాలుగు వేళ్లూ మొదలు దాకా మడిచి పిడికిలి పట్టగలగాలి. బొటనవేలి కొన చిటికెనవేలి కొనను తాకాలి. మోచెయ్యి పూర్తిగా మడవగలగాలి. వీటిలో ఏది కుదరకపోయినా కట్టు పొడవైందని అక్కడే చెప్పి అంచు కత్తిరింపించుకోండి. ఆరు వారాల తర్వాత వేళ్లు మడవలేక బాధపడేవాళ్లలో చాలామందికి అసలు తగువు కట్టు ఇలా అంగుళం పొడవైన దగ్గరే మొదలవుతుంది.

లోపాలూ ఉన్నాయి. బరువు, తడిస్తే మెత్తబడడం, లోపలి దాకా ఆరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టడం. ఆ లోపు అంచు మీద ఆనించి నిద్రపోతే పగుళ్లు వస్తాయి.

ఫైబర్ కట్టు

పాలియురెథేన్ జిగురు పట్టించిన గాజునూలు పట్టీ ఇది. నీళ్లు తగలగానే ఐదు నిమిషాల లోపే బిగుస్తుంది. తేలిక, గట్టిదనం, ఎక్స్‌రేలో ఎముక స్పష్టంగా కనపడడం, ఈ మూడూ నిజమైన లాభాలే. భుజం నొప్పి ఉన్న పెద్దవాళ్లకు ఆ తేలికదనం చాలా మేలు, బరువు మోయలేక చెయ్యి వేలాడేసుకుని భుజం బిగుసుకుపోయే ప్రమాదం తగ్గుతుంది.

ధర పిండికట్టు రోల్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ. “తడిసినా పర్లేదు” అని అమ్మే మాటను మాత్రం పూర్తిగా నమ్మకండి. పై పెంకుకు నీళ్లతో ఏమీ కాదు, కానీ లోపల వేసిన మామూలు దూది పొర తడిస్తే ఆరదు. రెండు రోజుల్లో చర్మం నాని, దురద పుట్టి, వాసన మొదలవుతుంది. స్నానానికి ప్లాస్టిక్ సంచి చుట్టి, పై అంచుకు టేపు వేసి, చెయ్యి పైకెత్తి ఉంచడం తప్పదు. దురద పెడుతోందని స్కేలో అల్లిక సూదో లోపలికి దూర్చకండి, గీరుకుపోయిన పుండు బయటికి కనపడదు.

పిండికట్టులా ఒత్తిన చోటికి లొంగే గుణం ఫైబర్‌కు తక్కువ. అందుకే ఎముక జరిగి కూర్చోబెట్టిన చేతికి మొదటి రోజే ఫైబర్ వేయించడం మాకు నచ్చదు. వాపు దిగాక, వారం నుంచి పది రోజులకు ఎక్స్‌రే చూసి, ఎముక ఉన్నచోటే ఉందని తేలాక మారిస్తే మంచి సరుకు. అప్పుడు బొటనవేలి సందులో అంచు గరుకుగా ఉందేమో వేలితో రుద్ది చూడండి, చర్మం ఒరుసుకునేది అక్కడే. తీసేటప్పుడు రంపం చప్పుడుకు భయపడక్కర్లేదు. ఆ బ్లేడు తిరగదు, అటూ ఇటూ అదురుతుంది. కాకపోతే ఎక్కువసేపు ఒకేచోట ఆనిస్తే వేడెక్కుతుంది. చురుక్కుమంటే వెంటనే చెప్పండి, టెక్నీషియన్ ఆపి బ్లేడు చల్లారనిస్తాడు.

రెడీమేడ్ స్ప్లింట్

వెల్‌క్రో పట్టీలు, లోపల వంచిన అల్యూమినియం రేకు ఉన్న ఈ స్ప్లింట్‌ను చాలామంది విరిగిన మొదటి రోజే కొంటున్నారు. మంచి వస్తువే, కానీ దాని వేళ వేరు. లోపలి రేకు సాధారణంగా మణికట్టును వెనక్కి 20, 30 డిగ్రీలు లేపి ఉంచేలా వంగి వస్తుంది. ఎముక వెనక్కి జరిగిన చేతికి మనకు కావాల్సిన ఒత్తిడి దీనికి దాదాపు వ్యతిరేకం. మూడు చోట్ల పట్టే అచ్చు ఇందులో రానే రాదు.

దీనికి తగిన సందర్భాలు మూడు. ఎముక అసలు జరగకుండా చిట్లిన విరుపు, అదీ డాక్టరు చూసి ఒప్పుకుంటే. కట్టు తీశాక బయటికి వెళ్లేటప్పుడు రెండు మూడు వారాల ఆసరా. ఇక చిన్నపిల్లల్లో ఎముక నొక్కుకుపోయి ఒక పక్క ఉబ్బే విరుపు. ఈ చివరిదానికి మెత్తటి కట్టు కూడా చాలు. 965 మంది పిల్లల మీద బ్రిటన్‌లో చేసిన అధ్యయనం 2022లో లాన్సెట్‌లో వచ్చింది. 4 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో మామూలు బ్యాండేజీకి, గట్టి కట్టుకు నొప్పిలోగానీ కోలుకోవడంలోగానీ తేడా కనపడలేదు. అయితే అది నొక్కుడు విరుపేనని ఎక్స్‌రే చూసి తేల్చాల్సింది డాక్టరే, పిల్లల ఎముక చివర ఉండే ఎదుగుదల పొర దెబ్బతింటే వైద్యం వేరు.

కొనేటప్పుడు మణికట్టు చుట్టుకొలత టేపుతో కొలవండి, ఎడమా కుడా చూసుకోండి. “అందరికీ ఒకే సైజు” అన్నవి సన్నటి చేతుల్లో తిరిగిపోతాయి. ముంజేతి మీద సగం దాకా రాని పొట్టి రకం విరుపుకు పనికిరాదు. అరచేతి అడ్డగీత పరీక్ష దీనికీ వర్తిస్తుంది. ఉతికే ముందు రేకు బయటికి తీసి, నీడన ఆరేయండి. వెల్‌క్రోలో నూలు పోగులు చిక్కుకుంటే పట్టు పోతుంది, పాత టూత్‌బ్రష్‌తో దులిపితే మళ్లీ పట్టుకుంటుంది. స్కాఫాయిడ్ అనుమానానికైతే బొటనవేలి మొదలును కూడా పట్టే రకం అడగండి, అదైనా రెండో ఎక్స్‌రే వరకే. క్రేప్ బ్యాండేజీ ఒక్కటే పెద్దవాళ్లలో విరిగిన మణికట్టును ఆపలేదు.

పుత్తూరు కట్టు

తిరుపతి దగ్గరి పుత్తూరు పేరు మీద ఆకు పసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురు బద్దలతో వేసే ఈ కట్టు మీద జనానికి ఉన్న నమ్మకాన్ని మేం తేలిగ్గా తీసుకోం. బద్దలతో చేతిని కదలకుండా పెట్టాలన్న ఆలోచన సరైనదే. ఖర్చు తక్కువ, వెళ్లిన రోజే పని అయిపోతుంది. ఎముక జరగని విరుపులు ఏ కట్టు వేసినా అతుక్కుంటాయి, దాని పేరులో పెద్ద వాటా వాటిదే.

ఇబ్బంది జరిగిన విరుపులతో. మత్తు లేకుండా లాగడం నరకయాతన, నొప్పికి కండరాలు బిగుసుకుని ఎముక సరిగా కూర్చోదు. కూర్చుందో లేదో చూడకుండానే బద్దలు పడతాయి. చుట్టూ బిగించిన తాడు వాపు వచ్చినప్పుడు వదులు కాదు. ముంజేతి కండరాలకు రక్తం ఆగిపోతే చెయ్యి శాశ్వతంగా ముడుచుకుపోతుంది. కొన్నిచోట్ల ఎక్స్‌రే చూసే కడుతున్నారు, అది మంచి మార్పు. అయినా స్కాఫాయిడ్ విరుపుకు, చర్మం తెగిన విరుపుకు, తిమ్మిరి ఉన్న చేతికి, వంకర తిరిగిన పిల్లల చేతికి ఈ కట్టు వద్దే వద్దు. ఇప్పటికే వేయించుకుని వేళ్లు తిమ్మిరెక్కుతుంటే “మూడు రోజులు విప్పకూడదన్నారు” అని ఆగకండి, విప్పేయండి.

ఏ కట్టుకైనా ఈ హెచ్చరిక ఒకటే. నొప్పి మాత్ర వేసినా తగ్గకుండా పెరుగుతూ, ఎవరైనా మీ వేళ్లను మెల్లగా చాపితే ముంజేతిలో ప్రాణం పోయినట్టుంటే అది అత్యవసరం. కట్టు, బ్యాండేజీ, దాని కింద దూది, అన్నీ చర్మం కనపడేదాకా కోయాలి. రక్తం ఇంకి ఎండిన దూది కూడా పట్టీలా బిగుస్తుంది, అది వదిలేస్తే పైది కోసినా లాభం ఉండదు.

తర్వాతి ఆరు వారాలు

కూర్చోబెట్టిన ఎముక మళ్లీ జరిగేది ఎక్కువగా మొదటి రెండు వారాల్లో. వాపు దిగగానే కట్టు వదులవుతుంది, లోపల ముక్క మెల్లగా వెనక్కి పోతుంది, బయటికి నొప్పి కూడా తెలియదు. అందుకే 7వ రోజు, 14వ రోజు ఎక్స్‌రే. 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 500 మంది పెద్దవాళ్ల మీద వచ్చిన అధ్యయనం ఈ విషయాన్నే చూపింది. ఎముకను కూర్చోబెట్టాక అచ్చు కట్టు వేసినవారికీ, ఆపరేషన్‌తో ఎముకలోకి లోహపు వైర్లు గుచ్చినవారికీ ఏడాది తర్వాత చేతి పనిలో తేడా లేదు. కానీ కట్టు వేసినవారిలో 100కి 13 మందికి ఆరు వారాల లోపే ఎముక జరిగి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆ జరుగుడును రెండు వారాల లోపు పట్టుకుంటే సరిచేయడం సులువు. అతుకు పడ్డాక అయితే ఎముకను మళ్లీ కోయాలి.

మొదటి మూడు రోజులు చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండాలి, పడుకున్నప్పుడు రెండు దిండ్ల మీద పెట్టండి. మెడకు వేసిన జోలెలో రోజంతా వేలాడదీస్తే భుజం, మోచెయ్యి బిగుసుకుంటాయి. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి పదేసి సార్లు వేళ్లు పూర్తిగా చాపి, పూర్తిగా పిడికిలి పట్టండి. పూటకు రెండుసార్లు చెయ్యి తలపైకి ఎత్తండి. నాలుగైదు వారాల్లో బొటనవేలి కొన ఉన్నట్టుండి పైకి లేవకపోతే దాన్ని లేపే కండరం తాడు తెగి ఉండొచ్చు. జరగని విరుపుల్లోనూ ఇది వస్తుంది, మర్నాడే చూపించుకోవాలి. చెయ్యి మండుతూ, మెరుస్తూ, ముట్టుకోనివ్వకుండా వాచిపోతుంటే కట్టు తీసే రోజు దాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి.

రేడియస్ విరుపుకు మామూలుగా ఐదారు వారాలు, స్కాఫాయిడ్‌కు 8 నుంచి 12 వారాలు. కట్టు తీసిన రోజు మణికట్టు బిగుసుకుని, చర్మం పొరలు పొరలుగా ఊడి, చెయ్యి సన్నబడి కనిపిస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పది నిమిషాలు పైకీ కిందికీ వంచడం, అరచెయ్యి తిరగేసి బోర్లించడం మొదలుపెట్టండి. తడిగుడ్డ పిండడం, బిందె ఎత్తడం, బండి హ్యాండిల్ పట్టడం పట్టు తిరిగి వచ్చాకే. పూర్తి బలానికి నెలలు పడుతుంది.

నిలబడిన ఎత్తు నుంచి పడ్డంత మాత్రానికే 50 దాటిన స్త్రీకి మణికట్టు విరిగితే ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష, విటమిన్ డి పరీక్ష అదే నెలలో చేయించండి. కట్టు బిల్లులో ఆ పేర్లు ఉండవు, అడిగి రాయించుకోవాలి.